అణా పలహారం: మద్రాసు కార్పొరేషన్ బడుల్లో

మద్రాసు కార్పొరేషన్ బడుల్లో పిల్లలకు తిండి పెట్టే పద్ధతి 1920లో మొదలైంది. దానికి పూనుకున్నవాడు తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టిన పిట్టి త్యాగరాయ చెట్టి. జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరైన ఆయన అప్పుడు కార్పొరేషన్ అధ్యక్షుడు.

థౌజండ్ లైట్స్ బడిలో చదివేవారు నిరుపేదల బిడ్డలనీ, అందువల్లే హాజరు పలచబడుతోందనీ ఆయన 1920 సెప్టెంబరులో కౌన్సిల్ ముందు వాదించాడు. ఖాళీ కడుపుకు అక్షరం ఎక్కదు. ఈ మాట చెప్పడానికి పండితులు అక్కరలేదు. పిల్లవాడికి రోజుకు ఒక అణాకు మించని ఖర్చుతో పలహారం పెట్టడానికి కౌన్సిల్ ఒప్పుకుంది. తర్వాత మరికొన్ని బడులకూ ఇది విస్తరించి, చేరే పిల్లల సంఖ్య పెరిగింది.

మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది కూడా 1920లోనే. ఆ చట్టం కింద ఏర్పడిన నిధి నుంచి తిండి ఖర్చు పెట్టకూడదని ప్రభుత్వం పట్టుబట్టడంతో 1925 ఏప్రిల్ 1న పలహారం ఆగిపోయింది. పలకకు, బల్లకు డబ్బు ఇచ్చి ముద్దకు ఇవ్వకపోవడం అన్యాయమైన లెక్క. త్యాగరాయ చెట్టి అదే ఏడాది కన్నుమూశాడు. పథకాన్ని కొన్నాళ్లకు కార్పొరేషన్ తిరిగి తెచ్చింది.

1956లో కామరాజ్ ప్రభుత్వం మధ్యాహ్న భోజనాన్ని రాష్ట్రమంతటికీ తీసుకెళ్లింది. 1982లో ఎం.జి. రామచంద్రన్ దాన్ని పోషకాహార పథకంగా పెంచాడు. 2022 సెప్టెంబరులో తమిళనాడు సర్కారు బడుల్లో ఉదయపు పలహారం మొదలైంది.