మూలం ఎడమ పేజీలో, టీక కుడి పేజీలో

1978లో ప్రెంటిస్ హాల్ అచ్చువేసిన 'ది సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' మొత్తం 228 పేజీలు. రాసినవాళ్ళు బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే బ్రయన్ కెర్నిగన్, డెనిస్ రిచీ. ఇద్దరి పేర్లూ కలిపి ప్రోగ్రామర్లు ఆ పుస్తకాన్ని 'కె అండ్ ఆర్' అనే పిలుస్తారు. పాఠాలు దాదాపు అన్నీ కెర్నిగనే రాశాడు. సి భాషను తయారుచేసిన రిచీ మాత్రం యూనిక్స్ గురించిన అధ్యాయం, చివర్లో అనుబంధంగా వచ్చే రిఫరెన్స్ మాన్యువల్ రాశాడు. అందరికీ గుర్తుండేది 'హలో వరల్డ్' ఉన్న ముందుభాగం. కానీ సి అంటే ఏమిటో చాలా ఏళ్ళపాటు తేల్చి చెప్పింది ఆ అనుబంధమే. అప్పటికి సి భాషకి ప్రమాణం అంటూ వేరే ఏదీ లేదు. కంపైలర్ రాసేవాడికి సందేహం వస్తే ఆ పేజీలే తిరగెయ్యాలి.

ఆ మొదటి కూర్పులో నాకు బాగా నచ్చింది ఒక చిన్న పట్టిక. నాలుగు యంత్రాలు, వాటి మీద సి టైపుల సైజులు, అంతే. పీడీపీ-11లో ఇంట్ 16 బిట్లు. ఐబీఎం 370లోనూ ఇంటర్‌డేటా 8/32లోనూ 32. హనీవెల్ 6000లో ఏకంగా 36, దాంట్లో చార్ కూడా 9 బిట్లు. ఉపన్యాసం ఏమీ లేకుండానే, భాష వేరు, మన బల్ల మీదున్న మిషను వేరు అని చదివేవాడికి తెలిసిపోతుంది. ఇంకోచోట, అరేలో ఐ-వ గడిలో విలువ పెడుతూ అదే వాక్యంలో ఐని ఒకటి పెంచితే ఏమవుతుందని అడిగి, పాత ఐ వాడాలో కొత్త ఐ వాడాలో భాష చెప్పదని తేల్చేస్తారు. రిఫరెన్స్ పుస్తకం మంచిదో కాదో నేను చూసేది ఇక్కడే. ఇది భాష ఇచ్చిన మాట, ఇది మీ కంపైలర్ ఇచ్చిన మాట, ఇక్కడ ఎవరూ మీకు ఏ మాటా ఇవ్వలేదు అని విడదీసి చెప్పగలగాలి. ఎంత సులువుగా ఉంది, ఎన్ని ఉదాహరణలున్నాయి లాంటివన్నీ ఆ తర్వాతే.

అలాగని 'కె అండ్ ఆర్' తప్పుల్లేని పుస్తకం కాదు. 1980ల మొదట్లోనే అది పాతబడింది. అప్పటికి వాడుకలోకి వచ్చేసిన వాయిడ్, ఎనమ్‌ల ఊసే అందులో లేదు. కొన్ని వివరాలు అస్పష్టంగా ఉన్నాయని తర్వాత రిచీయే ఒప్పుకున్నాడు. 1983లో ఆన్సీ ఒక కమిటీ వేసింది. కమిటీ పని పూర్తికాకముందే 1988లో రెండో కూర్పు వచ్చింది. దాని అనుబంధం తాను ప్రమాణానికి వివరణ మాత్రమేననీ, ప్రమాణం కాదనీ ముందే చెప్పుకుంటుంది. అచ్చయ్యాక దొరికిన తప్పుల పట్టికను రచయితలే బయటపెట్టారు. ఆ పట్టిక చూశాక నాకు పుస్తకం మీద నమ్మకం పెరిగిందే కానీ తగ్గలేదు.

1989 డిసెంబర్‌లో ప్రమాణం ఖరారైంది. దాని ధరా ఎక్కువే, భాషా కష్టమే. ఇలాంటిదానికి మంచి టీక కావాలి కదా. తొంభైల తొలినాళ్ళలో హెర్బర్ట్ షిల్ట్ ఆ పని చేశాడు. ఆయన 'యానొటేటెడ్ ఆన్సీ సి స్టాండర్డ్'లో ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో వ్యాఖ్య. ఏర్పాటు అచ్చం మన కావ్యాల టీకల్లాగే ఉంది. అసలు ప్రమాణం కంటే చాలా చవక కూడా. ఇబ్బందల్లా కుడి పేజీతోనే వచ్చింది. బ్రిటన్‌లో సి ప్రమాణాల పనిలో ఉన్న క్లైవ్ ఫెదర్ పేజీ పేజీ పట్టుకుని ఆ వ్యాఖ్యల్లో తప్పుల చిట్టా రాశాడు. ప్రమాణం ధరకీ ఈ పుస్తకం ధరకీ ఉన్న తేడాయే ఆ వ్యాఖ్యల విలువ అని ప్రోగ్రామర్లలో ఒక జోకు పుట్టింది. మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ చేసుకున్న మల్లినాథసూరి చూస్తే ఏమనేవాడో!

షిల్ట్‌ని వెక్కిరించడం తేలిక. నిజానికి ఆయన వాక్యం హాయిగా చదివిస్తుంది, పుస్తకాలు విపరీతంగా అమ్ముడయ్యాయి. నా అభ్యంతరం కూడా ఆ హాయితోనే. కొత్తగా నేర్చుకునేవాడు తప్పు ఎక్కడుందో పట్టుకోలేడు, వాడికి అన్ని పేజీలూ ఒకే ధీమాతో మాట్లాడుతున్నట్టు కనిపిస్తాయి. మెయిన్ ఇంట్ తిరిగివ్వాలని ప్రమాణం చెబుతుంటే, ఆయన ఉదాహరణల్లో వాయిడ్ మెయిన్ కనిపిస్తుంది. చాలా కంపైలర్లు దాన్ని కిక్కురుమనకుండా ఒప్పుకుంటాయి కాబట్టి ఆ తప్పు బయటపడదు.

మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఆ వాయిడ్ మెయిన్ ఎంతకాలం బతికిందో నా వయసువాళ్ళకి చెప్పక్కర్లేదు. బోర్లాండ్ టర్బో సి 1987 నాటిది, డాస్ కోసం చేసింది. అందులో ఇంట్ రెండు బైట్లు. మేం చదివేనాటికి ల్యాబులో మిషన్లు మారాయి కానీ వైవాలో జవాబు మారలేదు, ఇంట్ అంటే రెండు బైట్లే. తెర తుడిచే క్లియర్‌స్క్రీన్, మీట నొక్కేదాకా ఆగే గెట్‌సీహెచ్ సి భాషలో భాగమనే అనుకునేవాళ్ళం. అవి ప్రమాణంలో ఎక్కడా లేవు. గైడ్లు రాసినవాళ్ళు కంపైలర్ ఏం చేస్తే దాన్నే భాషగా రాసుకుపోయారు.

దీని ఖరీదు ప్లేస్‌మెంట్ల సీజన్‌లో తెలిసేది. ఐ ప్లస్ ప్లస్‌కి ప్లస్ ప్లస్ ఐ కలిపితే ఎంత అనే ప్రశ్న దాదాపు ప్రతి రాతపరీక్షలోనూ ఉండేది. ఒకే వాక్యంలో ఐని రెండుసార్లు మారిస్తే ఫలితం ఏమిటో భాష నిర్ణయించలేదు, ఏ కంపైలర్ ఏమిచ్చినా చెల్లుతుంది. 'కె అండ్ ఆర్' శ్రద్ధగా చదివినవాడు ఆ ప్రశ్న దగ్గర పెన్ను పట్టుకుని ఆగిపోవాల్సిందే. కింద నాలుగు ఆప్షన్లుండేవి, నాలుగూ అంకెలే.