"ఉంటాం" అనే మాటకు ఇంగ్లీషు



మన ఆదివారం ఇంగ్లీషు తరగతిలో ప్రతి ఏడాదీ బండి ఒకే స్టేషన్లో ఆగిపోతుంది. "వేర్ డూ యూ లివ్" అని అడిగితే, పిల్లలైనా కోడళ్ళైనా "ఐ యామ్ లివింగ్ ఇన్ కామాటిపురా" అంటారు. అర్థం కాకపోవడమంటూ లేదు. కానీ వినేవాళ్ళకు అది ఏదో కొన్నాళ్ళు ఉండి పోయేవాళ్ళు చెప్పినట్టు వినిపిస్తుంది. రెండు వందల ఏళ్ళ నుంచి ఇక్కడ ఉన్న మనం "ఐ లివ్" అనడానికి ఎందుకు తడబడుతున్నాం? ఈసారి దాని చరిత్ర రాస్తున్నాం. కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు మన సంగతి. 18వ శతాబ్దం చివర్లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పడి సముద్రపు నీరు ఆగాక, మధ్యలో ఉన్న పల్లపు నేలలు మెల్లగా ఊరయ్యాయి. అక్కడ నిజాం రాజ్యం నుంచి వచ్చిన మన కూలీలు, మేస్త్రీలు గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళను కామాటీలు అన్నారు. పేటకు ఆ పేరే నిలిచింది. తరువాత మిల్లులు వచ్చాయి, మిల్లుల వెంట పద్మశాలీలు వచ్చారు. మట్టి మోసేవాడికీ మగ్గం నడిపేవాడికీ ఇంగ్లీషుతో పనిలేదు. కానీ కాంట్రాక్టు కాగితం, కోర్టు కాగితం, మున్సిపాలిటీ నోటీసు అన్నీ ఇంగ్లీషులోనే వచ్చేవి. చదవలేనివాడు వేలిముద్ర వేసేవాడు.

ఈ బాధ తెలిసిన మన పెద్దలు జోతిరావు ఫులే వెంట నడిచారు. 1873లో పుణేలో ఆయన సత్యశోధక సమాజం పెట్టాక, ముంబైలో దానికి అండగా నిలిచినవాళ్ళలో వ్యంకూ బాలాజీ కాలేవార్, జయా కరాడీ లింగూ, రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి తెలుగువాళ్ళు ఉన్నారు. 1882లో హంటర్ కమిషన్‌కు ఫులే ఇచ్చిన నివేదన ముఖ్యంగా ఒక సంగతి చెప్పింది: రైతు కట్టిన పన్నుతో పైవాళ్ళ పిల్లలకు పెద్ద చదువులు జరుగుతున్నాయి, పన్ను కట్టినవాడి పిల్లలకు మొదటి చదువే లేదు. ఆ నివేదన రాసింది ఇంగ్లీషులోనే! అధికారి చెవికి చేరే భాష అదే మరి. 1911లో ఎన్. ఎం. జోషి సోషల్ సర్వీస్ లీగ్ పెట్టాక మిల్లు కార్మికులకు రాత్రి బడులు నడిచాయి. మున్సిపాలిటీ కూడా అనేక భాషల్లో బడులు నడిపింది, వాటిలో తెలుగూ ఉంది, తమిళమూ ఉంది. మాలో కొందరం తమిళ మీడియంలో చదివినవాళ్ళం. ఆ చదువు ఈ విషయంలో ఎలా పనికొచ్చిందో కిందికి వచ్చాక చెప్తాం.

ఇక వ్యాకరణం. బళ్ళో మనకు "ఐ గో" అన్నదాన్ని వర్తమాన కాలం అని నేర్పుతారు. వర్తమానం అంటే ఇప్పుడు జరిగేది. తెలుగులో ఇప్పుడు జరిగేది "వెళ్తున్నాను". కాబట్టి పిల్లవాడు బుద్ధిగా "ఐ యామ్ గోయింగ్" అంటాడు. "రోజూ మిల్లుకు వెళ్తాను" అనాల్సిన చోట కూడా "ఐ యామ్ గోయింగ్ టు మిల్ డైలీ" వస్తుంది. పిల్లవాడి తెలివిలో లోపం లేదు. పాఠానికి పెట్టిన పేరే పక్కదారి పట్టిస్తోంది.

సరైన పేరు మన దగ్గరే ఉంది. చిన్నయ సూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. ఆ సంప్రదాయంలో భూత, వర్తమాన, భవిష్యత్తులతో పాటు నాలుగోది ఒకటి ఉంది: తద్ధర్మం. అంటే ఒకదాని స్వభావం, అలవాటు, ఎప్పుడూ ఉండే సంగతి. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు. ఆవు పాలిస్తుంది. మేము కామాటిపురాలో ఉంటాం. ఇంగ్లీషులో "ద సన్ రైజెస్" అన్నది ఈ తద్ధర్మమే. వర్తమానం అనకుండా తద్ధర్మం అని చెప్పండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

మిగిలిన సగం ఎక్కడుంది? మన "వస్తాడు" రెండు పనులు చేస్తుంది. "రోజూ వస్తాడు" అన్నా అదే, "రేపు వస్తాడు" అన్నా అదే. "రాడు" కూడా అంతే: వచ్చే అలవాటు లేదనీ అవుతుంది, ఇకముందు రాడనీ అవుతుంది. ఇంగ్లీషువాడు "కమ్స్", "విల్ కమ్" అని రెంటినీ విడదీస్తాడు. తమిళంలో తీరు వేరు. "వరుగిఱాన్" అంటే వస్తాడు, వస్తున్నాడు రెండూ అవుతాయి. సూర్యుడు ఉదయించడానికి కూడా వాళ్ళు ఆ రూపమే వాడతారు. అంటే తమిళుడికి "కమ్స్", "ఈజ్ కమింగ్" కలిసిపోతే, తెలుగువాడికి "కమ్స్", "విల్ కమ్" కలిసిపోతాయి. మరాఠీ "యేతో" ఇంగ్లీషుకు చాలా దగ్గర. చాల్‌లో మరాఠీ వింటూ పెరిగిన మన పిల్లలకు ఆ పోలిక చూపిస్తే చటుక్కున పట్టుకుంటారు.

ప్రపంచంలో ఈ తిప్పలు మనవొక్కరివే అనుకోకండి. స్పానిష్ వాళ్ళవీ ఇవే. వాళ్ళ "ఆబ్లా" తమిళంలా మాట్లాడతాడు, మాట్లాడుతున్నాడు రెండూ అవుతుంది. మనలాగే వాళ్ళూ "అతడు", "నేను" చెప్పక్కర్లేదు, క్రియ చివరే మనిషిని చెప్పేస్తుంది. అందుకే ఇంగ్లీషులోకి వచ్చాక వాళ్ళూ "హీ", "ఇట్" మింగేస్తారు. పైగా "ఆబ్లాస్" అంటే వాళ్ళకు "నువ్వు మాట్లాడతావు". చివర "స్" అంటే నువ్వు అని అలవాటైనవాడికి, ఇంగ్లీషులో అది "అతడి" పక్కన చేరడం వింతగానే ఉంటుంది.

ఆ "స్" కథ కూడా వినండి. ఒకప్పుడు ఇంగ్లీషుకూ మనలాగే మనిషికో చివర ఉండేది. 1611 నాటి బైబిలు అనువాదంలో నువ్వుకు "ఎస్ట్", అతడికి "ఎత్" కనిపిస్తాయి. ఉత్తర ఇంగ్లండు మాండలికంలోని "స్" దక్షిణానికి దిగి "ఎత్"ను తోసేసింది. నువ్వు అనే పాత మాట వాడుకలోంచి పోయింది, దాని చివరా పోయింది. పాత ఇంట్లో మిగిలిన ఒక్క స్తంభంలా "స్" నిలిచింది. ప్రశ్నలోనూ కాదనడంలోనూ అది "డూ" మీదికి ఎక్కి "డజ్" అవుతుంది, అసలు క్రియ ఖాళీ చేతులతో నిలబడుతుంది: "హీ కమ్స్", "డజ్ హీ కమ్", "హీ డజ్ నాట్ కమ్".

ఇంత ఎందుకు రాస్తున్నామంటే, ఇది మార్కుల మాట మాత్రమే కాదు. కామాటిపురా పునర్నిర్మాణం మాట నడుస్తోంది. ఖోలీ ఎవరిదో, అందులో ఎవరుంటారో కాగితం మీద చూపించాల్సిన రోజులివి. అఫిడవిట్లో "ఐ రిసైడ్" అని ఉంటుంది, అంటే "ఇది నా నివాసం" అని. "రిసైడెడ్" అని పడితే "ఒకప్పుడు ఉండేవాణ్ణి" అయిపోతుంది. ఒక్క అక్షరం తేడా. ఎవరో టైపు చేసి ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టే ముందు ఆ ఒక్క క్రియనైనా మనవాళ్ళు చదివి తెలుసుకోగలగాలి.

తరగతిలో ఈ ఏడాది ఇలా చెయ్యబోతున్నాం. మొదటి నెల పుస్తకం తెరవం. ఇంటి సంగతులే ఒక్కొక్కటీ మూడు రకాలుగా చెప్పిస్తాం: అమ్మ బీడీలు చుడుతుంది, అమ్మ ఇప్పుడు బీడీలు చుడుతోంది, అమ్మ రేపు చుడుతుంది. ముందు తెలుగులో, తరువాత మరాఠీలో, ఆఖరున ఇంగ్లీషులో. ఏది అలవాటో, ఏది ఇప్పటిదో, ఏది రేపటిదో పిల్లలే వేరు చెయ్యాలి. ఇంట్లో తెలుగు బాగా మాట్లాడే అవ్వలు, తాతలు కూడా వచ్చి కూర్చోండి. ఈ పాఠానికి మీరే అసలు పంతుళ్ళు.