విప్పని ఫారం: అచ్చుపనిలో దాచిపెట్టిన అమరికల కథ



ఈమధ్య ఒక కరపత్రం అచ్చువేయించే పనిమీద తిరుపతిలో ఒక డీటీపీ కొట్టుకు వెళ్ళాను. పాతికేళ్ళయినా నిండని కుర్రవాడు ఇన్‌డిజైన్‌లో పుట తెరచి, ఒక జాబితాలోని పేరొకటి నొక్కి, "అయిపోయింది సార్" అన్నాడు. కాగితం కొలత, అంచు దాటి పోవలసిన బ్లీడు, కత్తిరింపు గుర్తులు, రంగుల విభజన, బొమ్మల సాంద్రత - వీటిలో ఒక్కటైనా అతడు పూరించగా నేను చూడలేదు. అడిగితే, "అన్నీ ప్రీసెట్‌లో ఉండాయి సార్. ఒకసారి పెట్టుకుంటే సాలు" అన్నాడు.

ముందే అమర్చి, పేరుపెట్టి, దాచి ఉంచుకొన్న అమరికకు ప్రీసెట్ అని పేరు. తెలుగు పండితుణ్ణి కనుక దీనికొక తెలుగుమాట కోసం కొంతసేపు తడుముకొన్నాను. 'సిద్ధ అమరిక' అందామంటే వైరిసమాసం. 'సిద్ధవిన్యాసం' అందామంటే ఆ కుర్రవాడు నవ్వుతాడు. కాబట్టి ప్రీసెట్ అనే అంటాను. మాట కొత్తదే గాని, దానివెనుక పని మాత్రం చాలా పాతది. మా తిరుపతి వీధుల్లో ఆ పాతపనిని కళ్ళారా చూసినవాణ్ణి కనుక దాని కథ రాసిపెట్టాలనిపించింది.

1984లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, పాఠశాల పత్రికను అచ్చువేయించే భారం తెలుగు పండితుడి నెత్తిన పడేది. గోవిందరాజస్వామి గుడికి కొంత దూరంలో ఒక చిన్న అచ్చుకూటం ఉండేది. లోపల ఒక ట్రెడిల్ యంత్రం, గోడపొడుగునా అక్షరాల కేసులు, సీసమూ సిరా కిరసనాయిలూ కలిసిన వాసన. తెలుగు కేసంటే సామాన్యమైనది కాదు. అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు, వాటి కలయికలు అన్నీ కలిపి కొన్ని వందల గళ్ళు. కంపోజిటరు కుడిచేయి ఆ గళ్ళమీద చూడకుండానే తిరిగేది. ఎడమచేతిలోని స్టిక్కులో వాక్యం తలకిందులుగా పేరుకొనేది. పుటలు కట్టి, ఇనుప చేజులో బిగిస్తే ఫారం తయారు. అచ్చు ముగియగానే ఫారం విప్పి, అక్షరాలను కడిగి, మళ్ళీ ఎవరి గూటికి వారిని చేర్చాలి. కూర్చడమొక పని అయితే విప్పడం మరొక పని.

అయితే కొన్ని ఫారాలను విప్పేవారు కారు. పెళ్ళి శుభలేఖ అందులో మొదటిది. చుట్టూ పూలబార్డరు, పైన వేంకటేశ్వరస్వామి బ్లాకు, దానికింద శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు, అటుపైన బంధుమిత్రులను ఆహ్వానించే వాక్యం - ఇవన్నీ ప్రతి పెళ్ళికీ అవే. మారేవి వధూవరుల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, తిథివార నక్షత్రాలు, లగ్నం, సత్రం పేరు. మారని భాగాన్ని దారంతో కట్టి బల్లకింద అరలో దాచేవారు. దీనినే 'స్టాండింగు మ్యాటరు' అనేవారు. రసీదు పుస్తకాలు, పాఠశాల ప్రగతిపత్రాలు, వ్యాపారుల బిల్లు పుస్తకాలు కూడా అలాగే నిలిచి ఉండేవి. నేటి ప్రీసెట్‌కు మా ఊళ్ళో నాకు తెలిసిన పితామహుడు ఆ దారం కట్టిన ఫారమే.

ఇంత సౌకర్యమైన పద్ధతి ఉండగా అన్నింటినీ ఎందుకు దాచుకోలేదన్న సందేహం రావచ్చు. కారణం సీసం. ఒక పుట నిలిచి ఉన్నంతకాలం అందులోని అక్షరాలు వేరొక పనికి రావు. చిన్న అచ్చుకూటంలో రెండు ఫారాలు ఎక్కువగా దాస్తే మూడో పనికి 'క' వత్తులు చాలవు. దాచుకోవడానికి మూలధనం కావాలి. పుస్తకమంతా దాచాలంటే పెద్ద అచ్చుకూటాలకు సైతం బరువే.

ఈ చిక్కుకు ఐరోపావారు కనిపెట్టిన ఉపాయం స్టీరియోటైపు. కూర్చిన పుటకు అచ్చు తీసి, ఆ అచ్చులో లోహం పోసి, పుటనంతటినీ ఒకే పలకగా పోతపోయడం. పలక దాచుకొని అక్షరాలను విప్పుకోవచ్చు. ఫ్రాన్సులో ఫిర్మాఁ దిదో 1795లో లాగరిథం పట్టికలను స్టీరియోటైపు పేరుతోనే అచ్చువేశాడు. అంకెల పుస్తకంలో ఒక అంకె తప్పినా లెక్క అంతా తప్పుతుంది. ప్రతి ముద్రణకూ కొత్తగా కూరిస్తే ప్రతిసారీ కొత్త తప్పులు దొర్లుతాయి. పలకగా నిలిపితే కనబడిన తప్పును దిద్దుకొంటూ పోవచ్చు, కొత్త తప్పు పుట్టదు. అమరికను దాచుకోవడంలో శ్రమ తగ్గడం ఒక లాభమైతే, తప్పు పుట్టకపోవడం అంతకన్న పెద్ద లాభమని ఆనాడే తెలిసింది. మూసపోసిన ఆలోచనను ఇంగ్లీషులో స్టీరియోటైపు అనడం ఈ పలక నుండి వచ్చినదే. మూసలోని మేలూ కీడూ రెండూ ఆ మాటలోనే ఉన్నాయి.

మన ప్రాంతంలోనే దీనికి చక్కని ఉదాహరణలున్నాయి. మచిలీపట్నం పక్కన పెడనలో కలంకారీ అద్దకం చెక్కిన కొయ్య అచ్చులతో జరుగుతుంది. ఒక అచ్చు చెక్కితే అదే లత, అదే పువ్వు వేయి గజాలు సాగుతుంది. మా శ్రీకాళహస్తిలో మాత్రం కలంతోనే గీస్తారు. రామాయణం వేసినా భాగవతం వేసినా ప్రతి గీతా అప్పటికప్పుడు చేతినుండి రావలసిందే. ఒకే పేరు గల రెండు విద్యలలో ఒకటి దాచిన అమరికమీద నడిస్తే, మరొకటి చేతిమీద నడుస్తున్నది. దేని మర్యాద దానిది.

ఇక తిరుమల రాగిరేకుల సంగతి. తాళ్ళపాక అన్నమాచార్యుల (1408-1503) సంకీర్తనలను ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యులు రాగిరేకులపై చెక్కించాడు. 20వ శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వాటిని చదివి, పరిష్కరించి అచ్చుకు ఇచ్చారు. రేకు కాబట్టి పాట నిలిచింది. ఉలి ఒకచోట జారితే ఆ జారుడూ పాటతోపాటే నిలుస్తుంది. అందుకే రేకు ఉన్నా పరిష్కర్త కావలసివచ్చాడు. నిలిపి ఉంచినదానిని మళ్ళీ చదివేవాడు ఒకడుండాలన్నది నాకు అర్థమైన సంగతి.

1990 దశకంలో మా వీధుల్లో కంప్యూటర్లు వెలిశాయి. 1985లో అమెరికాలో ఆల్డస్ సంస్థ విడుదల చేసిన పేజ్‌మేకర్, అను ఖతులు, ఒక లేజర్ ప్రింటరు - ఈ మూడింటితో ఒక చిన్న గదిలో అచ్చుపని మొదలయ్యేది. సీసం సమస్య ఒక్కసారిగా మాయమయింది. ఎన్ని పుటలు దాచినా 'క' వత్తు తరగదు. పేరాకు ఒక 'స్టైలు', అచ్చుకు ఒక 'ప్రింటర్ స్టైలు' పేర్లు పెట్టి భద్రపరచుకోవచ్చు. ఆల్డస్‌ను 1994లో అడోబీ సంస్థ కలుపుకొన్నది. 1999లో ఇన్‌డిజైన్ వచ్చింది. 2001 నాటి 7.0 తో పేజ్‌మేకర్ ఆగిపోయింది, మన ఊళ్ళలో మాత్రం ఆ తరువాత కూడా చాలాకాలం నడిచింది. ఇన్‌డిజైన్‌లో కాగితానికి, అచ్చుకు, పీడీఎఫ్‌కు వేర్వేరు ప్రీసెట్లున్నాయి. వాటిని ఫైలుగా భద్రపరచి మరొక యంత్రానికి కూడా ఇవ్వవచ్చు. అచ్చుకూటంవారే తమ యంత్రానికి తగిన ప్రీసెట్ పంపితే, వందమైళ్ళ దూరంలో కూర్చొన్నవాడు కూడా వారికి సరిపడే ఫైలు చేయగలుగుతాడు. పూర్వం ఫారాన్ని అలా మోసుకుపోవడం ఊహకందని పని.

అయితే మూస ఎవరికోసం పోశారో వారికే అది సరిగా సరిపోతుంది. పేజ్‌మేకర్‌లో వరుసల ఎడం తనంతట తాను అక్షరం కొలతకు నూటికి నూటఇరవైగా ఉండేది. పన్నెండు పాయింట్ల అక్షరానికి పద్నాలుగున్నర పాయింట్ల లోపు ఎడం. రోమను లిపికి అది చాలు. తెలుగులో పైన గుడి, కింద వత్తు, ఒక్కొక్కప్పుడు వత్తుకింద మరొక వత్తు. పై వరుస 'స్త్ర' వచ్చి కింది వరుస 'కీ' నెత్తిన కూర్చొనేది. తెలిసినవారు ఎడం పెంచుకొనేవారు, తెలియనివారు అలాగే అచ్చువేసేవారు. యూనికోడ్ తెలుగును సరిగా కూర్చే కంపోజరు ఇన్‌డిజైన్‌లోకి 2012లో సీఎస్6 తో వచ్చింది. దానిని ఎంచుకోకపోతే సంయుక్తాక్షరం విడిపోయి పొల్లూ హల్లూ పక్కపక్కన నిలబడతాయి. అంటే ఇక్కడ కూడా ఒకరు తెలిసి అమర్చి, ఆ అమరికను స్టైలులో దాచి, పక్కవారికి ఇవ్వాలి. నకారపొల్లు వంటి పాత అక్షరరూపానికి 2021లో యూనికోడ్ 14.0 లో చోటు దొరికింది. మూసలో లేని అక్షరం కొన్నాళ్ళకు మన చేతిలోనూ లేకుండా పోతుంది. అందుచేతనే ఈ అమరికల సంగతి పండితులకు పట్టని సంగతి కాదంటాను.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక పాఠశాల స్వర్ణోత్సవ సంచికకు నేను సంపాదకుణ్ణి. మొదటి సంవత్సరపు ఉపాధ్యాయులూ విద్యార్థులూ కలిసి దిగిన పటమొకటి ఎంతో వెదకగా దొరికింది. సంచిక చిత్తుప్రతిని ఈమెయిలులో పంపడానికి డీటీపీ అబ్బాయి 'స్మాలెస్ట్ ఫైల్ సైజ్' అనే ప్రీసెట్ వాడాడు. అది రంగు బొమ్మలను అంగుళానికి 100 చుక్కలకు కుదించివేస్తుంది. అచ్చుకు 300 కావాలి. చివరి ప్రతి తీసేటప్పుడు కూడా జాబితాలో అదే పేరు నిలిచి ఉంది. అతడు మార్చలేదు, నేను చూడలేదు. తెరమీద అంతా బాగానే కనబడింది, సరేనని సంతకం చేసింది నేనే.

లెక్క చూడండి. పటం వెడల్పు ఏడంగుళాలు, అంటే అడ్డంగా 700 చుక్కలు. వరుసకు పద్నాలుగుమంది. మనిషికి యాభై చుక్కలు. భుజాలు పోను ముఖానికి ఇరవై. ఇరవై చుక్కలలో ఎవరి ముక్కు ఎవరిదో ఎలా తెలుస్తుంది?

ఐదువందల ప్రతులు అచ్చయి వచ్చాయి. సభలో ఆ తొలినాటి ఉపాధ్యాయులలో మిగిలిన ఒకే ఒక పెద్దాయన సంచిక తెరచి, పటంమీద వేలు పెట్టి మెల్లగా ఈ చివరినుండి ఆ చివరికి జరుపుతూ పోయారు. మళ్ళీ వెనక్కి వచ్చారు. తల ఎత్తి, "ఇందులో నేనెక్కడ నాయనా?" అన్నారు. నేను చూపలేకపోయాను. నాకూ తెలియలేదు. తరువాత ఆ ఒక్క పుటను సరిగా అచ్చువేయించి, నేనే పట్టుకొనిపోయి ఆయన చేతికిచ్చాను. చొక్కా జేబులోని కలంతో సహా తనను పోల్చుకొన్నారు. కాని అప్పటికే ఊళ్ళు దాటిపోయిన ప్రతులలో ఆ మనుషులు నేటికీ మరకలుగానే ఉన్నారు.

ఆ రాత్రి నాకు మా పాత కంపోజిటరు గుర్తుకువచ్చాడు. శుభలేఖ ఫారం అరలోంచి తీసినప్పుడల్లా అతడు కొత్త పేర్లు కూర్చడానికి ముందు పాత భాగమంతా ఒకసారి చదివేవాడు. "ఇది మారేది కాదు గదా, ఎందుకయ్యా?" అని ఒకసారి అడిగాను. "మారనిదాన్నే ముందు సదవాల అయివారూ. మారిందాన్ని ఎట్లాగూ అందరూ సదువుతారు. పోయిన పెండ్లి ముహూర్తం దీంట్లో నక్కి ఉంటాది" అన్నాడు. మా సీమలో ఉపాధ్యాయుణ్ణి అయివారు అంటారు. ఆనాడు పాఠం చెప్పిన అయివారు మాత్రం అతడే. కంప్యూటర్లు వచ్చాక ఆ అచ్చుకూటం మూతబడింది. అక్షరాలను తూకానికి అమ్మివేశారు. అతడు ఒక సత్రంలో కాపలాపనికి కుదిరాడు. ప్రీసెట్‌లో అంకెలన్నీ దాగుతాయి గాని, ఆ అంకె ఎందుకు పెట్టామో, దేనికి పనికిరాదో చెప్పే మనిషి అందులో దాగడు.

అందుకని ఇప్పుడు పుస్తకం వేయించే మిత్రులకు నేను చెప్పేది ఇంతే. ప్రీసెట్లు తప్పక వాడండి. చేతితో ప్రతిసారీ పదిహేను గళ్ళు నింపితే ఏదో ఒకటి తప్పుతుంది. కాని 'కొత్తది', 'ఫైనల్' అని పేరు పెట్టకండి. ఏ అచ్చుకూటానికి, ఏ కాగితానికి, ఏ నెలలో చేసినదో పేరులోనే ఉండనివ్వండి. ఈమెయిలుకు ఒకటి, అచ్చుకు ఒకటి విడిగా ఉంచండి. అచ్చుకు పంపేముందు పీడీఎఫ్‌లో ఒక ముఖాన్ని నాలుగింతలు పెద్దది చేసి చూడండి, వత్తులున్న ఒక వరుసను చదవండి. ముఖ్యంగా, మారదని మీరు నమ్మినదానిని ముందు చదవండి.

మీలో ఎవరి ఇంట్లోనైనా దారం కట్టిన పాత ఫారం మిగిలి ఉంటే దానిని తూకానికి వేయకండి. ఒక ఫోటో తీసి చూపించండి. నేను మొదట పూలబార్డరును చదువుతాను.