ఇంటి ట్రాన్స్‌మిటరు – ఊరి రేడియో

మన బడి సైన్సు ప్రదర్శనల్లో నాలాగా తీగలు అతికిన మిత్రులకు చిన్న ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటరు సంగతి తెలిసే ఉంటుంది. ఒక ట్రాన్సిస్టరు, నాలుగైదు చుట్ల రాగితీగ కాయిల్, ట్రిమ్మరు, కొన్ని కెపాసిటర్లు, రెసిస్టర్లు, చిన్న మైకు, 9 వోల్టుల బ్యాటరీ. అంతే సామాను. కాయిల్, ట్రిమ్మరు కలిసి ఫ్రీక్వెన్సీని నిర్ణయిస్తాయి. మైకులో పడిన మాట దాన్ని అటూ ఇటూ కొద్దిగా జరుపుతుంది. 88–108 మెగాహెర్ట్జ్ మధ్య పక్కగదిలోని రేడియో ఆ మాటను అందుకుంటుంది.

చేయడం ఇంత తేలికైనా, గాలిలోకి మాట వదిలే హక్కు మన దేశంలో చాలాకాలం ప్రభుత్వానిదే. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం లైసెన్సు తప్పనిసరి చేశాయి. అందులో న్యాయమూ లేకపోలేదు. 108 దాటితే విమానాలు వాడే తరంగాలు మొదలవుతాయి. ఇంట్లో చుట్టిన కాయిల్ కాస్త వేడెక్కినా ఫ్రీక్వెన్సీ జారిపోతుంది. అయితే తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఊళ్ళదాకా రావడానికి పదేళ్ళకు పైగా పట్టింది.

ఆ ఆలస్యం ఏమిటో రెండు ఊళ్ళు చెబుతాయి. బీహారులో వైశాలి జిల్లా మన్సూర్‌పూర్‌లో రాఘవ్ మహతో అనే రిపేరు షాపు యువకుడు 50 రూపాయలకు కాస్త పైగా ఖర్చుతో ట్రాన్స్‌మిటరు చేసి, వెదురు గడకు కట్టి, ఊరికి పాటలూ కబుర్లూ వినిపించాడు. లైసెన్సు లేదని 2006లో దాన్ని మూయించారు. మన జహీరాబాదు ప్రాంతంలోని మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలకు స్టూడియో ఉంది, కార్యక్రమాలు ఉన్నాయి, అనుమతి లేదు. వాళ్ళు తమ విత్తనాల సంగతులూ పాటలూ క్యాసెట్లలో నింపి, సంఘం సమావేశాల్లో వినిపిస్తూ ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. 2006 నవంబరులో కేంద్రం కమ్యూనిటీ రేడియో విధానం తెచ్చాక, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మోగింది.

అతనికి యంత్రం ఉంది, వీళ్ళకు ఓపిక ఉంది. ఇద్దరికీ లేనిది ఒక్క కాగితమే. ఆ విధానంలో విద్యాసంస్థలకూ చోటుంది. స్వర్ణోత్సవ వేళ నా మనవి ఇది: సర్క్యూటు విద్యను మన పిల్లలకు గురువుల ఎదుటే నేర్పుదాం, దాంతోపాటు ఈ రెండు ఊళ్ళ చరిత్రనూ చెబుదాం. ఏదో ఒకనాడు మన బడి గొంతు అనుమతితోనే ఊరంతా వినిపించాలి.