రోహిణి కన్ను

రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయని మన పెద్దల మాట. 1981 మే 31న, సరిగ్గా ఆ కార్తెలోనే, శ్రీహరికోట నుండి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు 38 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని మోసుకెళ్ళింది. (అప్పట్లో అది నెల్లూరు జిల్లా, 2022 నుండి మన తిరుపతి జిల్లా.) అందులో నేలమీది గుర్తులను పోల్చుకొనే కెమెరా ఉన్నది. కాని అనుకున్న ఎత్తు దక్కలేదు. పలుచని గాలి రాపిడికే వేగం తగ్గి, కిందికి జారి, తొమ్మిది రోజులకే కాలిపోయింది. మృగశిర వచ్చే వేళకు రోహిణి లేదు.

1983 ఏప్రిల్ 17న 41.5 కిలోల మరో రోహిణి ఎగిరింది. దీని కన్ను మామూలు వెలుగులోనూ, మనకు కనబడని పరారుణంలోనూ చూసేది. పచ్చని ఆకు పరారుణాన్ని వెనక్కి పంపుతుంది, నీరు మింగేస్తుంది, బీడునేల ఆ రెంటికీ నడుమ ఉంటుంది. ఆ తారతమ్యాన్ని బట్టి ఏది నీరు, ఏది పైరు, ఏది బీడు, ఏది మేఘం అన్నది పైనే తేల్చుకొనేటట్లు దానిని తీర్చారు. అది 2500కు పైగా చిత్రాలను పంపింది.

చెరువు నిండిందో లేదో కట్ట ఎక్కి చూసుకొన్న చిత్తూరు సీమవాణ్ణి నేను. నీటిని బీడునుండి వేరుచేసి చూడడం యంత్రానికి నేర్పిన ఆ ప్రయత్నం నాకు చిన్నదిగా తోచదు. మొదటి రోహిణి బతికిన తొమ్మిదినాళ్ళూ వృథా అనలేను.