హైకూ తెరవెనుక కృషి

విండోసు, మాకింటాషు, లినక్సులను ఎరుగనివారు నేడు అరుదు. కాని, ఆపిల్ సంస్థను వీడి వచ్చిన ఫ్రెంచి దేశీయుడు జాన్ లూయీ గాసే 1990లో స్థాపించిన బీ సంస్థ నుండి వెలువడి, దృశ్యమును శబ్దమును ఏకకాలమున తడబాటు లేక నడుపుటయే పరమావధిగా రూపొందిన బీఓఎస్ అను ఆపరేటింగ్ సిస్టమును ఎరిగినవారు మిక్కిలి కొలదిమంది. 1996 డిసెంబరులో ఆపిల్ సంస్థ బీని కాదని నెక్స్ట్‌ను ఎంచుకొనెను. 2000 మార్చిలో ఉచితముగా పంచిన ఐదవ కూర్పు సైతము సంస్థను నిలుపజాలకపోయెను. మరుసటి ఏట పామ్ సంస్థ 1 కోటి 10 లక్షల డాలర్లకు దాని ఆస్తులను కొని, ఆ సిస్టమును మూలకు నెట్టెను. ఆ 2001లోనే కొందరు అభిమానులు దానిని మొదటి పంక్తినుండి తిరిగి వ్రాయబూనిరి. 2004లో ఆ ప్రయత్నమునకే హైకూ అను పేరు కలిగినది.

కన్నసంస్థ గతించిన సిస్టమునకు మొట్టమొదట ఏర్పడు కొఱత డ్రైవర్లది. అంగడికి వచ్చు ప్రతి క్రొత్త గ్రాఫిక్స్ కార్డు దానికి అపరిచితమే. వెసా అను సామాన్యపద్ధతిలో తెర వెలుగుటకు వెలుగునేగాని, కార్డులోని వేగసాధనము లేవియు అక్కఱకు రావు. పైగా నాటి గాజుగొట్టపు మానిటర్లపై సెకనుకు 60 మారులు మాత్రమే తిరిగి వ్రాయబడు ఆ చిత్రము కనుగ్రుడ్లను బాధించుచు అదరుచుండెడిది. దృశ్యవైభవమునకై పుట్టిన బీఓఎస్‌కు ఈ దుస్థితి పట్టుట దాని భక్తులకు సహింపరానిదయ్యెను.

ఇట నెదర్లాండ్స్ దేశపు ఔత్సాహికు డొకని కృషి స్మరణీయము. మాట్రాక్స్ కార్డుల డ్రైవరు పనిలో చేయి తిరిగిన ఆయన, 2002 తర్వాతి సంవత్సరములలో ఎన్విడియా కార్డుల వైపు దృష్టి మరల్చెను. మాట్రాక్స్ సంస్థ తన కార్డుల వివరములను కొంతవఱకు ప్రకటించియుండెను; ఎన్విడియా మాత్రము తన కార్డులను నియంత్రించు రిజిస్టర్ల గ్రంథమును గోప్యముగా నుంచెను. లినక్సు వంటి సిస్టములలో తెరను నడుపు ఎక్స్‌ఫ్రీ86 కొఱకు వెలువడిన ‘ఎన్‌వీ’ అను చిన్న డ్రైవరు మూలమే ఆధారము. అందును వివరణ లేని సంఖ్యలే మెండు.

బీఓఎస్ నిర్మాతల దూరదృష్టి ఈ పనికి మిక్కిలి తోడ్పడినదని నా నిశ్చితాభిప్రాయము. వారు గ్రాఫిక్స్ డ్రైవరును రెండు భాగములుగా విభజించిరి. సిస్టము గర్భమైన కెర్నెల్‌లోని చిన్నభాగము 10డీఈ అను తయారీదారు సంఖ్యనుబట్టి కార్డును గుర్తించి, దాని రిజిస్టర్లను మెమరీలో అందుబాటునకు తెచ్చును. తక్కిన బుద్ధి యంతయు యాక్సిలరెంట్ అను రెండవభాగమున, కెర్నెల్‌కు వెలుపల, తెరను పాలించు యాప్‌సర్వర్‌తో కలిసి వసించును. అందువలన ఒంటరిగా పనిచేయువాడు కెర్నెల్ జోలికి పోకయే చాలవఱకు పరీక్షింపగలుగును.

ఆ పరీక్ష ఎట్టిదో ఒక్క లెక్కతో చూపుదును. 1,024 నిలువువరుసలు, 768 అడ్డువరుసలు గల తెరను సెకనుకు 60 మారులు చూపవలెనన్నచో, కంటికి కానరాని అంచులను కూడ చేర్చి 1,344ను 806తో, దానిని మఱల 60తో గుణింపవలెను. ఫలితము 6,49,95,840, అనగా ఇంచుమించు 65 మెగాహెర్ట్జులు. కార్డుపై లయ నిచ్చుచున్న స్ఫటికము 13.5 మెగాహెర్ట్జులది కావచ్చును, 14.318 కావచ్చును, 27 కావచ్చును. దాని నొక సంఖ్యచే గుణించి, వేఱొకదానిచే భాగించి, కావలసినన్ని సార్లు సగము చేసి ఆ 65కు చేరువగు జతను వెదకి, తగిన రిజిస్టర్లో వ్రాయవలెను. స్ఫటికమేదో పొరపడినచో తెర నల్లబడును. తెర నల్లబడినపుడు తప్పు చెప్పుటకు తెరయే లేదు! డ్రైవరు వ్రాయువాని కష్టమంతయు ఈ ఒక్క మాటలో నున్నది. కావుననే ఆయన తన డ్రైవరు చేయు ప్రతి చర్యను ఒక లాగ్ ఫైలులో వ్రాయించుట, అన్యులయొద్ద విఫలమైన కార్డుల లాగులను తెప్పించి చదువుట అలవఱచుకొనెను. తాను కంటితోనైనను చూడని కార్డులు ఆ విధముగా ఆయన చేతికి లొంగినవి. పిదప యూటా జీఎల్ఎక్స్ అను స్వేచ్ఛామూలము నాధారముగా గొని, నాటి కొన్ని కార్డులపై త్రిపరిమాణ చిత్రణమును సైతము సాధించెను.

లినక్సు లోకమునను ఇట్టి తపస్సే జరిగినది. ఎన్విడియా సంస్థవారి డ్రైవరు కార్డుకు వ్రాయు ప్రతి సంఖ్యను నమోదుచేసి, విద్య నేర్పని గురువును దూరమునుండి సేవించిన ఏకలవ్యునివలె నూవో అను బృందమువారు ఆ కార్డుల మర్మమును గ్రహించిరి. వారి డ్రైవరు 2010 ఫిబ్రవరిలో లినక్సు కెర్నెల్ 2.6.33లో చేరినది. తుదకు 2022 మే నెలలో ఎన్విడియాయే ట్యూరింగ్ తరమునుండి వచ్చిన కార్డులకు తన కెర్నెల్ భాగమును మూలముతో విడుదల చేసెను. నియంత్రణలో పెద్దభాగము అప్పటికే కార్డులోని ఫర్మ్‌వేరులోనికి చేరియున్నది గనుక అది పరిపూర్ణ ప్రకటన యనుటకు వీలులేదు. అయినను ఆ మూలము హైకూకు చాలినది: ఇటీవల మఱియొక ఔత్సాహికుడు దానిని హైకూ పైకి తెచ్చి, నవీన ఎన్విడియా కార్డులను అందు మేల్కొలిపెను.

అమ్మకము నిలిపివేసిన పాత కార్డుల రిజిస్టర్ల గ్రంథములను దాచుటవలన తయారీదారులకు నేడు ఏ లాభమును లేదు. అవి ఎల్లరికిని తెఱచియుంచుడని వారిని వేడుచున్నాను.