పత్తికొండ గుడారం నుంచి రాష్ట్రపతి భవన్ దాకా

1800లో నిజాం రాయలసీమను ఈస్టిండియా కంపెనీకి ధారపోశాక, థామస్ మన్రో ఏడేళ్లు ప్రధాన కలెక్టరుగా ఊరూరా గుడారాలు వేసుకుని తిరిగాడు. శిస్తు మోయలేని రైతు ఆ గుడారం దగ్గరికే నడిచి వెళ్లి చెప్పుకునేవాడు. చదువు అక్కర్లేదు, నోరుంటే చాలు. మద్రాసు గవర్నరయ్యాకా మన్రో ఈ సీమకు వచ్చాడు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు.

కచేరీలు పెరిగేకొద్దీ నోటి మాట కాగితమెక్కింది. 1820లో కడపలో ఉద్యోగంలో చేరిన సి.పి. బ్రౌన్, 1852లో అచ్చువేసిన ‘తెలుగు రీడర్’లో వ్యక్తిగత ఉత్తరాలతోపాటు పోలీసు, రెవెన్యూ లేఖలనూ చేర్చాడు. జనం మొర అర్థం కావాలంటే దొరలకు కావ్యభాష ఒక్కటే చాలదు మరి.

అదే 1852లో మద్రాసులో గాజుల లక్ష్మీనరసు చెట్టి పెట్టిన సంఘం ఏకంగా బ్రిటిష్ పార్లమెంటుకే అర్జీ పంపింది. శిస్తు కోసం రైతులను చిత్రహింసలు పెడుతున్నారన్న ఆరోపణ మీద 1854లో కమిషన్ వేయక తప్పలేదు. దాని ముందుకు 1,959 ఫిర్యాదులు వచ్చాయి. అర్జీ చరిత్రలో నాకు అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే. కొట్టినవాడి దగ్గరే మొరపెట్టుకోవాల్సిన గతి అప్పటికి తప్పింది.

1950 నుంచి అర్జీ చేరగల అన్నిటికన్నా పైస్థానం రాష్ట్రపతిది. 1977 మార్చిలో నంద్యాల లోక్‌సభకు గెలిపించిన నీలం సంజీవరెడ్డి జూలై 25న ఆ పీఠమెక్కారు. అంటే నంద్యాల ఓటరు ఢిల్లీకి రాసిన ఉత్తరం తాను ఎన్నుకున్న మనిషి పేరిటే వెళ్లేది.

ఉరిశిక్ష పడినవారి క్షమాభిక్ష అర్జీ మీద 72వ అధికరణ కింద రాష్ట్రపతి సంతకం కావాలి, అదీ మంత్రివర్గం సలహా మీద. పొలం గట్టు, పాసుపుస్తకం, పింఛను లాంటి మొరలు అలా తేలవు. రాష్ట్రపతి సచివాలయం వాటిని సంబంధిత శాఖకో రాష్ట్ర ప్రభుత్వానికో పంపుతుంది. అక్కణ్నుంచి కలెక్టరేట్‌కు, చివరికి తహసీల్దారు బల్ల మీదికి. ఫిర్యాదు ఆ తహసీల్దారు మీదే అయితే? విచారణ మరో అధికారి చేయాలని అర్జీలోనే స్పష్టంగా రాయాలి. పంపిన రసీదు, నమోదు నంబరు దాచుకోవాలి. ఆ నంబరుతో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడిగితే, కాగితం ఏ బల్ల దగ్గర ఆగిందో 30 రోజుల్లో చెప్పాలి.